ఫేకో సూదికి కళ్ళెం పడిన తీరు

చార్లెస్ కెల్మన్ స్మృతిలో ఉపన్యాస పాఠం

చూపు పూర్తిగా పోయి, ఎలాగూ తీసేయక తప్పని ఒక కంటి మీద 1967లో న్యూయార్క్‌లో ఒక ఆపరేషన్ జరిగింది. శుక్లాన్ని పెద్ద కోత కోసి బయటికి లాగే బదులు, సన్నని బోలు సూదిని లోపలికి పంపి, దాన్ని సెకనుకు వేలసార్లు కంపింపజేసి, శుక్లాన్ని ఉన్నచోటే నుజ్జుచేసి పీల్చేయాలన్నది ఎత్తుగడ. ఆపరేషన్ గంటల తరబడి సాగింది. యంత్రం పనిచేసింది, కన్ను మాత్రం దక్కలేదు. చేసిన డాక్టరు చార్లెస్ కెల్మన్‌కు అప్పటికి నలభై ఏళ్ళు నిండలేదు.

ఇవాళ ఫేకో అని పిలుచుకునే అదే ఆపరేషన్‌కు పది పదిహేను నిమిషాలు చాలు. పొద్దున వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరుతున్నారు. ఈ రెంటి మధ్య జరిగిందేమిటని అడిగితే చాలామంది యంత్రం బలం పెరిగి ఉంటుందనుకుంటారు. అసలు సంగతి దానికి తలకిందులు. శుక్లాన్ని పగలగొట్టే బలం ఆ సూదికి మొదటి రోజే ఉంది. తర్వాతి ఇంజనీర్లు, సర్జన్లు చేసిన పనంతా దాని దూకుడు తగ్గించడమే. కంట్లో అల్ట్రాసౌండ్ ఎంతసేపు మోగాలి, ఎంత వేడి పుట్టాలి, ఎంత నీరు లోపలికి వచ్చి ఎంత బయటికి పోవాలి అన్న లెక్కలతోనే వాళ్ళ బతుకు గడిచింది.

స్మారకోపన్యాసంలో పోయినవారి గుణగణాలు తలచుకోవడం ఆనవాయితీ. కెల్మన్ విషయంలో అందుకు సామగ్రి కొరత లేదు. 1930లో బ్రూక్లిన్‌లో పుట్టారు, జెనీవాలో వైద్యం చదివారు, జాజ్ శాక్సఫోన్ వాయించేవారు. 2004లో కన్నుమూశారు. వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం అదే ఏడాది మరణానంతరం ఆయన్ను వరించింది. ఇంత చెప్పుకున్నాక, ఆయన వదిలివెళ్ళిన సూది తెచ్చిపెట్టిన చిక్కుల గురించి, వాటిని ఎవరెవరు ఎలా విప్పారన్న దాని గురించి మాట్లాడుకోవడం మేలు. ఆయనకూ అదే ఎక్కువ నచ్చేదేమో.

ఆ కాలంలో శుక్లం తీయడమంటే నల్లగుడ్డు అంచు వెంట దాదాపు సగం చుట్టు కోయడం. ఆ దారిన కటకాన్ని దాని సంచితో సహా బయటికి తీసేవారు. పోలండ్‌లో క్రవావిచ్, అమెరికాలో కెల్మన్ 1960ల మొదట్లో విడివిడిగా ఒకే ఉపాయం పట్టారు: బాగా చల్లబరిచిన కడ్డీ కొసను కటకానికి ఆనిస్తే అది గడ్డకట్టి అంటుకుంటుంది, నెమ్మదిగా లాగేయవచ్చు. ఎలా లాగినా కోత పెద్దదే. కుట్లు, రోజుల తరబడి తల కదపకుండా పడక, ఆ పైన జీవితాంతం సోడాబుడ్డి కళ్ళద్దాలు. తెలుగునాట కంటి శిబిరాల్లో ఆపరేషన్ అయిన ఒక తరం తాతలు, అమ్మమ్మలు ఆ అద్దాల వెనకాల నుంచే మనవళ్ళను చూశారు. "ఇంకా ముదరలేదు, ముదిరాక రా" అని డాక్టర్లు పంపేయడం కూడా ఆనాటి మాటే. ఆపరేషనే అంత గండమైనప్పుడు, ఉన్న కాస్త చూపూ పోయేదాకా ఆగడంలో అర్థముంది. ఫేకో వచ్చాక ఈ లెక్క తిరగబడింది. ముదిరిన శుక్లం గట్టిది, దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ అల్ట్రాసౌండ్ కావాలి, అంటే కంటికి ఎక్కువ గాయం. అయినా "ముదిరాక రా" అన్న మాట ఊళ్ళలో ఇంకా చలామణీలోనే ఉంది. పాత వైద్యం పోయినా దాని సలహా అంత త్వరగా పోదు.

చిన్న కోతలోంచి శుక్లాన్ని తీసే మార్గం వెతకడానికి జాన్ హార్ట్‌ఫర్డ్ ఫౌండేషన్ కెల్మన్‌కు మూడేళ్ళ గ్రాంటు ఇచ్చింది. ఆ డబ్బుతో ఆయన పట్టని తోవ లేదు. కంట్లోకి దూర్చి విప్పే వల ప్రయత్నించారు. తిరిగే డ్రిల్లులు ప్రయత్నించారు. డ్రిల్లు తగలగానే కటకం కూడా దాంతోపాటు గిర్రున తిరిగి చుట్టుపక్కలవి చీల్చేది. గడువు దగ్గరపడుతుండగా ఒకరోజు పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నారు. పంటిగార తీసే అల్ట్రాసోనిక్ పరికరం నోట్లో సన్నగా కూస్తోంది. గార రాలిపోతోంది, పన్ను మాత్రం కదలడం లేదు. తనకు కావలసింది ఇదేనని ఆయనకు అక్కడ తట్టింది.

పన్ను ఎందుకు కదల్లేదన్నదే అసలు కిటుకు. దీని లెక్క ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌కు అందేదే. ఫేకో సూది కొస సెకనుకు 40,000 సార్లు ముందుకూ వెనక్కూ కదులుతుందనుకుందాం. ఒక్కో కదలిక పొడవు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు. అంత చిన్న దూరంలోనే కొస గరిష్ఠ వేగం సెకనుకు పన్నెండున్నర మీటర్లు దాటుతుంది. గంటకు 45 కిలోమీటర్లన్నమాట. ఆ వేగం నుంచి సున్నాకు, మళ్ళీ సున్నా నుంచి ఆ వేగానికి సెకనుకు పదుల వేలసార్లు మారడం వల్ల పుట్టే త్వరణం భూమ్యాకర్షణకు 3 లక్షల రెట్ల పైమాటే. కటకానికి బరువుంది, జడత్వముంది. ఇంత త్వరగా వచ్చి పోయే దెబ్బకు అది తప్పుకునేలోపే దెబ్బ తగిలిపోతుంది. అందుకే దాన్ని పట్టుకుని ఉండే పని లేదు. డ్రిల్లుతో వచ్చిన చిక్కు ఇక్కడ విడిపోయింది.

కెల్మన్‌కు ఆలోచన వచ్చింది సరే, పరికరం తయారుకావాలంటే ఇంజనీరు కావాలి. పళ్ళ పరికరాన్ని తయారుచేసే కావిట్రాన్ కంపెనీలో ఆంటన్ బాంకో దొరికారు. ఇద్దరి పేర్లతో 1967లో దాఖలైన పేటెంటు 1971లో మంజూరైంది. సూదిని బిగించి సర్జన్ చేత్తో పట్టుకునే హ్యాండ్‌పీస్‌లో మొదట కంపనం పుట్టించింది అయస్కాంత క్షేత్రంలో సాగి ముడుచుకునే లోహపు రేకులు. అవి వేడెక్కుతాయి కాబట్టి వాటిని చల్లబరచడానికి వేరే నీళ్ళు కావలసి వచ్చేవి. తర్వాత వాటి స్థానంలో పీజో స్ఫటికాలు వచ్చాయి. వీటికి విద్యుత్తు ఇస్తే సాగి ముడుచుకుంటాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల జాడ పట్టడానికి పాల్ లాంజెవిన్ వాడిన స్ఫటికాల విద్యే ఇది. లోహపు దిమ్మల మధ్య స్ఫటికపు బిళ్ళలు పెట్టి బోల్టుతో బిగించే ఆ అమరిక నేటి ఫేకో హ్యాండ్‌పీస్‌లోనూ కనిపిస్తుంది.

హ్యాండ్‌పీస్ అంత పొడవు ఎందుకుంటుందో అడిగేవాళ్ళు తక్కువ. సర్జన్ వేళ్ళ మధ్య వీలుగా ఇమడాలన్నది సగం జవాబు. మిగతా సగం లోపలి టైటానియం కడ్డీలో ఉంది. టైటానియంలో శబ్దం సెకనుకు దాదాపు 5,000 మీటర్లు పోతుంది. 40,000 కంపనాల దగ్గర దాని తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. కడ్డీ సరిగ్గా అందులో సగమో, సగానికి గుణిజమో ఉంటేనే కొస దగ్గర కదలిక పెద్దదవుతుంది, సర్జన్ పట్టుకునే చోట కదలిక ఉండదు. ముందువైపు కడ్డీని సన్నగా చెక్కితే కదలిక ఇంకా పెరుగుతుంది. ఈ కొలతల్లో కాస్త తేడా వచ్చినా, సూది వేడెక్కి కాస్త సాగినా శ్రుతి తప్పుతుంది. అందుకే ప్రతి ఆపరేషన్‌కు ముందు సూది కొసకు నీళ్ళు నింపిన చిన్న రబ్బరు తొడుగు పెట్టి యంత్రాన్ని ట్యూన్ చేస్తారు. ఆపరేషన్ నడుస్తుండగా కూడా యంత్రంలోని సర్క్యూటు ఆ శ్రుతిని క్షణక్షణం వెతికి పట్టుకుంటూ ఉంటుంది. గట్టి ముక్క తగిలితే ఒకలా, ఉత్త నీళ్ళలో ఉంటే మరోలా సర్దుకుంటుంది. ఈ వెతుకులాట తడబడితే సూది మొద్దుబారినట్టవుతుంది. అప్పుడు సర్జన్ పెడల్ ఇంకా గట్టిగా తొక్కుతాడు, ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ఈ యంత్రాన్ని నడిపేది కాలు. చేతుల్లో రెండు పనిముట్లు, కళ్ళు మైక్రోస్కోపుకు అతుక్కుని ఉంటాయి కనుక మిగిలేది కాలే. పెడల్‌ను మొదటి మెట్టుకు తొక్కితే కంట్లోకి ద్రవం వస్తుంది. రెండో మెట్టుకు పీల్చడం మొదలవుతుంది. మూడో మెట్టుకు చేరితేనే అల్ట్రాసౌండ్. ఈ వరసలోనే భద్రత ఉంది. లోపలికి నీరు రాకుండా పీల్చడం కుదరదు, పీల్చకుండా కంపనం కుదరదు. పీల్పు బలం పెరిగేకొద్దీ యంత్రం చేసే సన్నని కూత స్వరం మారుతుంది. సూదికి ముక్క అడ్డుపడిందో లేదో సర్జన్ చెవితో పోల్చుకుంటాడు. అల్ట్రాసౌండ్ మనిషి చెవికి వినపడదు, థియేటరులో వినపడేవన్నీ యంత్రం పనిగట్టుకుని చేసే సంకేతాలే.

ఇప్పుడు ఈ సూది పనిచేసే గది కొలతలు చూద్దాం. నల్లగుడ్డుకూ కటకానికీ మధ్య ఉన్న చోటు లోతు సుమారు 3 మిల్లీమీటర్లు. అందులో పట్టే నీరు పావు మిల్లీలీటరు, అంటే ఐదు చుక్కలు. పైకప్పు కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర. దాని లోపలి గోడకు ఒకే ఒక్క వరస కణాలు అతికి ఉంటాయి, పెద్దవాళ్ళలో చదరపు మిల్లీమీటరుకు రెండున్నర వేలు అటూఇటుగా. కార్నియాలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడి దాన్ని స్వచ్ఛంగా ఉంచేవి ఇవే. పోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టవు. ఐదారు వందలకు పడిపోతే కార్నియా ఉబ్బి మసకబారుతుంది. ఇక నేల కటకపు సంచి వెనుక గోడ. మందం దాదాపు 4 మైక్రాన్లు. కొత్త లెన్సు కూర్చోవలసింది ఆ సంచిలోనే. అది చిరిగితే వెనకున్న జిగురు ద్రవం ముందుకు వస్తుంది, ముక్కలు వెనక్కి జారి రెటీనా మీద పడతాయి. 100 మైక్రాన్లు కదిలే సూది 4 మైక్రాన్ల గోడకు ఎంత దూరంలో ఉండాలో చెప్పనక్కర లేదు.

మొదటి దశాబ్దంలో కెల్మన్ పద్ధతిని చాలామంది పెద్ద సర్జన్లు నమ్మలేదు. వాళ్ళను ఛాందసులని తీసిపారేయడం తేలిక, కానీ అన్యాయం. కార్నియాలు మసకబారడం, సంచులు చిరగడం వాళ్ళు కళ్ళారా చూశారు. పైగా 3 మిల్లీమీటర్ల కోతలోంచి శుక్లాన్ని తీసినా, లెన్సు పెట్టాలంటే ఆ కోతను మళ్ళీ పెద్దది చేయక తప్పేది కాదు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదటిసారి కంట్లో పెట్టిన లెన్సు పెర్‌స్పెక్స్‌తో చేసినది. ఆ జాతి లెన్సులు మడవడానికి రావు. 1984లో థామస్ మజాకో మడతపెట్టే సిలికోన్ లెన్సు తెచ్చేదాకా చిన్న కోత వల్ల కలిగే లాభం సగమే దక్కింది.

ఆ సూది తెచ్చిపెట్టిన చిక్కుల్లో ముందు వేడి సంగతి. సూది కోతలోంచి లోపలికి వెళుతుంది కదా, కంపించే లోహం అంచులకు రాసుకుంటే వేడి పుడుతుంది. కార్నియాలోని కొల్లాజెన్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముడుచుకుపోతుంది. ముడుచుకున్న కోత మూసుకోదు, కుట్టు వేస్తే కార్నియా వంకర తిరుగుతుంది. సూది చుట్టూ సిలికోన్ తొడుగు వేసి, ఆ తొడుగుకూ సూదికీ మధ్య సందులోంచి ద్రవం పారించడం దీనికి మొదటి విరుగుడు. ఆ నీరు కంటిని నింపుతుంది, సూదినీ చల్లబరుస్తుంది. కాని పారుదల ఆగితే? ఆపరేషన్‌లో కంట్లో నింపే జిగురు పదార్థం సూది నోటికి అడ్డుపడిందనుకోండి. పీల్పు ఆగుతుంది, బయటికి పోయేది లేకపోతే లోపలికి వచ్చేదీ ఆగుతుంది, కంపనం మాత్రం సాగుతుంది. కోత కాలడానికి రెండు మూడు సెకన్లు చాలు. కోత దగ్గర పాల తెలుపు పొగమంచు కనపడితే పెడల్ వదలమని సర్జన్లకు శిక్షణలో మొదట నేర్పేది అందుకే.

తర్వాతి విరుగుడు ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చింది. అల్ట్రాసౌండ్‌ను ఏకధాటిగా కాకుండా సెకనులో వెయ్యోవంతుల లెక్కన తెరలు తెరలుగా వదలడం. మోగినంతసేపు పగులుతుంది, ఆగినంతసేపు చల్లబడుతుంది. 2000 దశకం మొదట్లో వచ్చిన వైట్‌స్టార్ యంత్రం ఈ తెరల్ని అతి పొట్టివిగా చేసింది. ఆగే విరామానికి ఇంకో లాభం కూడా ఉంది. సూది ముందుకు పొడిచినప్పుడల్లా ముక్కను కాస్త అవతలికి నెడుతుంది. మధ్యలో విరామం ఇస్తే పీల్పు మళ్ళీ దాన్ని సూది నోటికి తెచ్చుకుంటుంది. కొత్తగా ఫేకో నేర్చుకునేవాళ్ళు ఎప్పుడూ పెడల్ మూడో మెట్టు మీదే కాలు పెట్టి ఉంచుతారు. చేయి తిరిగినవాళ్ళను గుర్తుపట్టాలంటే వాళ్ళ కాలు ఎంతసేపు రెండో మెట్టులో ఆగుతుందో చూస్తే చాలు.

2006 ప్రాంతంలో ఆల్కాన్ తెచ్చిన మార్పు ఇంకా లోతైనది. సూదిని ముందుకూ వెనక్కూ పొడిపించడం మాని, ఉన్నచోటే అటూ ఇటూ మెలితిప్పించారు. దానికి వంపు తిరిగిన కొస కావాలి. అలాంటి కొసకు అప్పటికే కెల్మన్ పేరు ఉంది: 22 డిగ్రీల వంపు ఉన్న కెల్మన్ టిప్. సూది కాడ తన అక్షం మీద స్వల్పంగానే తిరుగుతుంది కాబట్టి కోత దగ్గర రాపిడి తక్కువ. వంపు కొస మాత్రం పక్కలకు ఎక్కువ దూరం ఊగి ముక్కను గీరుతుంది. అల్ట్రాసౌండ్ కూడా 40,000 నుంచి 32,000కు తగ్గింది. పొడుపు లేదు కాబట్టి ముక్క దూరం జరగదు. కార్నియాకు ఎగసి తగిలే రవ్వలు తగ్గాయి. పరికరం రూపకల్పనలో ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఈ రంగంలో దొరకదు. బలం పెంచలేదు, దిశ మార్చారు.

శుక్లం పగలడానికి అసలు కారణం సూది నేరుగా కొట్టే దెబ్బా, లేక కొస ముందు నీటిలో పుట్టి పగిలే సూక్ష్మ బుడగలా అన్న వాదన దశాబ్దాలు నడిచింది. బుడగల వాదానికి మద్దతుదారులు కంపెనీల ప్రకటనల్లో ఎక్కువ కనపడేవారు. ఒత్తిడి పెంచి బుడగలు పుట్టకుండా చేసిన ప్రయోగాల్లో కూడా సూది దాదాపు అంతే సమర్థంగా పనిచేయడంతో ఆ వాదం బలం తగ్గింది. అయితే బుడగలు పగిలేచోట నీటి అణువులు చీలి ఫ్రీ రాడికల్స్ పుడతాయి, అవి కార్నియా కణాలకు మంచివి కావు. అల్ట్రాసౌండ్ మోగే సేపు తగ్గించడానికి ఇదీ ఒక కారణం.

వేడి కన్నా మొండి శత్రువు నీరు. ఫేకో నేర్పే గురువులు శిష్యులకు ఎక్కువసేపు చెప్పేది దీని గురించే. ఆపరేషన్ టేబుల్ పక్కన స్టాండుకు వేలాడే ద్రవపు సీసా కంటికి మీటరు ఎత్తున ఉంటే, పారుదల లేనప్పుడు కంట్లో ఒత్తిడి 74 మిల్లీమీటర్ల పాదరసం దాకా పోతుంది. మామూలు కంట్లో ఉండేది 10 నుంచి 21. సీసా దించితే ఒత్తిడి తగ్గుతుంది, కానీ పీల్చే ద్రవానికి సరిపడా నీరు లోపలికి రాదు. ఈ రెంటి మధ్యే సర్జన్ తూకం.

అసలు గండం ముక్క సూదికి అడ్డుపడి వదిలిన క్షణాన వస్తుంది. కొబ్బరి బొండంలో స్ట్రా పెట్టి పీలుస్తుంటే లేత కొబ్బరి ముక్క అడ్డుపడుతుంది. గట్టిగా పీల్చేకొద్దీ స్ట్రా నొక్కుకుపోతుంది, ముక్క ఒక్కసారిగా వదలగానే నీళ్ళు పొలమారేంత వేగంగా వచ్చి పడతాయి. కంట్లో జరిగేదీ అదే. ముక్క అడ్డుపడినప్పుడు పంపు పీల్పు 400 మిల్లీమీటర్లకు చేరుతుంది, ట్యూబు గోడలు లోపలికి లొంగుతాయి. ముక్క విరిగి లోపలికి పోగానే ట్యూబు తిరిగి ఉబ్బుతూ కంట్లోని నీటిని లాగేస్తుంది. ఉన్నది ఐదు చుక్కలే. క్షణంలో గది ముడుచుకుపోతుంది, 4 మైక్రాన్ల గోడ పైకి లేచి సూది నోటికి తగులుతుంది. దీన్ని సర్జ్ అంటారు.

దీన్ని తగ్గించడానికి వచ్చిన ఉపాయాలన్నీ సాదాసీదావే. ట్యూబు గోడలు గట్టివి, బోలు సన్ననివి చేశారు. సూది కాడకు సన్నని రంధ్రం పెట్టారు. నోరు మూసుకుపోయినా ఆ రంధ్రంలోంచి కాస్త ద్రవం పారుతూనే ఉంటుంది కాబట్టి పీల్పు మరీ పేరుకోదు, సూదీ చల్లగా ఉంటుంది. రోలర్లతో ట్యూబును నొక్కుతూ పోయే పెరిస్టాల్టిక్ పంపు మీద, గాలివేగంతో పీల్చే వెంచురీ పంపు మీద సర్జన్ల మధ్య జరిగే వాదనలు వింటే రెండు పార్టీల కార్యకర్తలు గుర్తొస్తారు. తర్వాత యంత్రమే ద్రవపు సంచిని నొక్కి కంట్లో కోరిన ఒత్తిడిని నిలిపే పద్ధతి వచ్చింది, సీసా ఎత్తు సర్దే పని పోయింది. ఇటీవలి హ్యాండ్‌పీస్‌లలో ఒత్తిడి కొలిచే సెన్సారు యంత్రం దగ్గర కాకుండా హ్యాండ్‌పీస్‌లోనే, కంటికి జానెడు దూరంలో ఉంటోంది. రెండు మీటర్ల ట్యూబు చివర కూర్చున్న సెన్సారుకు వార్త చేరేలోపే గది ముడుచుకుపోయేది. సెన్సారును ముందుకు జరపడం చిన్న మార్పే. ముందే ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు జవాబు ఆటోక్లేవ్ ఇస్తుంది: 134 డిగ్రీల ఆవిరిలో వందలసార్లు ఉడికినా చెడని సెన్సారు కావాలి మరి.

ఈ నీటి కథలో ఒక అధ్యాయం మన పొరుగునే నడిచింది. చెన్నైలో అమర్ అగర్వాల్ 1998లో సూదికి తొడుగు తీసేసి, ద్రవం ఇచ్చే పనిని రెండో చేతిలోని పనిముట్టుకు అప్పగించారు. కోత దాదాపు ఒక మిల్లీమీటరుకు తగ్గింది. దానికి ఫేకోనిట్ అని పేరు పెట్టారు. అయితే సన్నని రెండో పనిముట్టులోంచి చాలినంత ద్రవం రావడం లేదు, గది ముడుచుకుపోతోంది. సునీతా అగర్వాల్ ఆలోచించిన ఉపాయం: అక్వేరియంలో చేపలకు గాలి పంపే పంపును తెచ్చి, వడపోసిన గాలిని ద్రవపు సీసాలోకి ఎక్కించడం. గాలి నొక్కుడుకు ద్రవం వేగంగా దిగింది. చేపల తొట్టి పంపుతో చేసిన ఈ పనికి పెద్ద కంపెనీల యంత్రాల్లో ఖరీదైన వారసులు చాలానే వచ్చారు.

యంత్రానికి సంబంధం లేని మూడు మార్పుల్ని ఇక్కడ చెప్పకపోతే కథ వంకరపోతుంది. ఎండ్రె బలాజ్ కోడిపుంజు తురాయిల నుంచి తీసి శుద్ధిచేసిన జిగురు పదార్థం కార్నియా కణాల ముందు మెత్తని అడ్డుగా నిలిచింది. గింబెల్, నాయ్‌హాన్ విడివిడిగా నేర్పిన గుండ్రని సంచి కోత వల్ల సంచి అంచు చీలకుండా బలంగా నిలిచింది. జపాన్‌లో నగహరా 1993లో చూపిన చాప్ పద్ధతిలో రెండో చేతి కొక్కెంతో శుక్లాన్ని కట్టెపేడులా చీలుస్తారు, అల్ట్రాసౌండ్ పని సగానికి సగం తగ్గుతుంది. ఈ మూడూ లేకపోతే ఎంత తెలివైన సూదైనా ఇంత భద్రంగా ఉండేది కాదు. కంప్యూటర్ నడిపే ఫెమ్టోసెకండ్ లేజరుతో శుక్లాన్ని ముందే కోసిపెట్టే పద్ధతి వచ్చినప్పుడు ఇదే చివరి మెట్టన్నారు. ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మామూలు ఫేకో కన్నా అది మెరుగని తేలలేదు.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. 1987లో హైదరాబాద్‌లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేల మందికి పైగా జనం కళ్ళు పరీక్షించింది. అంధత్వం 1.84 శాతం, అందులో 44 శాతానికి కారణం శుక్లమే. అదే సర్వేలో ఇంకో చేదు నిజం బయటపడింది: ఆపరేషన్ అయినా చూపు సరిగా రానివాళ్ళు తక్కువేమీ కాదు. అంతకు ముందు దాకా ప్రభుత్వాలు ఎన్ని ఆపరేషన్లు చేశామన్నదే లెక్కించాయి. ఎన్ని కళ్ళు చూస్తున్నాయన్నది అడగలేదు.

భద్రమైన పరికరం గురించి మాట్లాడే వేదిక మీద ఒప్పుకోవలసిన నిజం మరొకటుంది. నేపాల్‌లో సందుక్ రుయిత్ బృందం ఫేకోనూ, అల్ట్రాసౌండ్ లేకుండా చేతితోనే చిన్న కోత ద్వారా తీసే ఎస్‌ఐసీఎస్ పద్ధతినీ పక్కపక్కన పెట్టి పోల్చి 2007లో ఫలితాలు ప్రకటించింది. ఆరు నెలల తర్వాత రెండు వర్గాల్లోనూ నూటికి 98 మందికి మంచి చూపు. చేతి పద్ధతికి పట్టిన సగటు సమయం 9 నిమిషాలు, ఫేకోకు పదిహేనున్నర. ఖర్చు కూడా చేతి పద్ధతికే తక్కువ. ముదిరిన శుక్లాలు ఎక్కువగా వచ్చే చోట, కరెంటు నమ్మకం లేని చోట యంత్రం లేని ఆపరేషనే సరైన ఎంపిక కావచ్చు. ఇది కెల్మన్‌ను తక్కువ చేసే మాట కాదు. చిన్న కోత మీద ప్రపంచానికి గురి కుదిర్చింది ఆయనే.

పరికరం కంట్లో ఉన్నప్పుడే కాదు, బయటికి వచ్చాక కూడా హాని చేయగలదు. హ్యాండ్‌పీస్ మధ్యలోని సన్నని బోలులో శుక్లపు తునకలు, జిగురు ఎండిపోతాయి. సరిగా కడగకుండా ఆటోక్లేవ్ చేస్తే క్రిములు చస్తాయి కానీ వాటి విషపదార్థాలు మిగిలిపోతాయి. కడిగిన డిటర్జెంటు మిగిలినా అంతే. మర్నాటికి వరసగా నలుగురైదుగురి కళ్ళు ఎర్రబడి కార్నియాలు ఉబ్బుతాయి. ఇన్ఫెక్షన్ కాదు, టాస్ అని పిలిచే విషప్రభావం. ఆపరేషన్ అయిన వెంటనే, తడి ఆరకముందే బోలులోంచి శుద్ధజలం పారించడమే దీనికి మందు. ఒక రోజులో ముప్పై నలభై కేసులు చేసే థియేటరులో ఆ పని చేసేది సర్జన్ కాదు, సింకు దగ్గర నిలబడిన నర్సో టెక్నీషియనో. వాళ్ళకు రెండు నిమిషాల్లో విప్పి, కడిగి, బోలు ఖాళీగా ఉందో లేదో వెలుతురుకు పెట్టి చూసుకునే వీలిచ్చే హ్యాండ్‌పీస్‌ను డిజైన్ చేయడం కొత్త సాఫ్ట్‌వేర్ రాయడం కన్నా తక్కువ పనేమీ కాదు. బ్రోషర్లలో దానికి చోటు దొరకదు, అంతే.

చివరగా పరీక్షల బల్ల దగ్గరికి. కొత్త సూది ఎంత సమర్థమో ప్రయోగశాలలో ఎలా తేలుస్తారంటే, పంది కళ్ళలోంచి కటకాలు తీసి, ఫార్మలిన్‌లో నానబెట్టి గట్టిపరచి, 2 మిల్లీమీటర్ల ఘనాలుగా కోసి, ఒక్కో ఘనాన్ని సూది ఎన్ని సెకన్లలో పీల్చిందో, ఎన్నిసార్లు అది ఎగిరి దూరం పడిందో లెక్కపెడతారు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఇలా కొలిచిన పట్టికలు సర్జన్ల అమరికలను మార్చేశాయి. మంచి పద్ధతే. కాని ఫార్మలిన్‌లో ఎంతసేపు నానితే పాలమూరు ఎండలో డెబ్భై ఏళ్ళు పనిచేసి, రెండు కళ్ళూ పూర్తిగా మూసుకుపోయాక ఆస్పత్రికి వచ్చిన రైతు కంట్లోని గోధుమరంగు శుక్లానికి సమానమవుతుంది? ఆ శుక్లం వెనుక పొర తోలులా సాగుతుంది, చాప్ చేసినా రెండు ముక్కలూ పీచులతో అంటుకునే ఉంటాయి, అల్ట్రాసౌండ్ నిమిషాలు పెరుగుతాయి, కార్నియా కణాలు రాలతాయి. కంపెనీలు తమ సూదికి ఇచ్చే అంకెలు మెత్తని ఘనాల మీద తీసినవైతే, ఆ అంకెలకు ఈ కంటితో సంబంధం పలచన. ఇక్కడి ఆస్పత్రుల్లో ఏటా తీసేసే గట్టి శుక్లాల కాఠిన్యాన్ని కొలిచి, ఆ కొలతకు సరిపడే నమూనా ఘనాన్ని తయారుచేసే పని హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో మొదలుపెట్టవచ్చు. కావలసిన యంత్రం ఒత్తిడిని కొలిచే మామూలు టెస్టింగ్ మెషీనే. అది ఇప్పటికే మెటీరియల్స్ విభాగంలో ఉంటుంది.